గోత్రం చెప్పే గోడ: ఎర్ర నాచుల వర్గీకరణలో కణకవచ రసాయనం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు చేసే రైతుకి ‘ఎల్లో కాలనీలు’, ‘గ్రీన్ కాలనీలు’ అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. చెరువు నీళ్లో, రొయ్య లివరో ల్యాబుకి వెళ్తుంది. అక్కడ దాన్ని టీసీబీఎస్ అనే ఆకుపచ్చ ప్లేటు మీద రాస్తారు. ఒక రోజు ఆగి కాలనీలు లెక్కపెడతారు. పంచదారను, అంటే సుక్రోజును, పులియబెట్టగలిగిన విబ్రియో బ్యాక్టీరియా ఆమ్లాన్ని వదిలి తన చుట్టూ పసుపు రంగు తెస్తుంది. పులియబెట్టలేనిది ఆకుపచ్చగానే మిగులుతుంది. పసుపైతే కొంచెం ఊపిరి పీల్చుకోవడం, పచ్చదైతే కంగారు పడడం చెరువు గట్ల మీద మామూలైపోయింది. జీవిని దాని రూపంతో కాక అది చేసే రసాయన పనితో గుర్తుపట్టే పద్ధతి ఇది. ఆ ప్లేటులో ఇంకో సంగతి కూడా ఉంది. బ్యాక్టీరియా పెరిగే ఆ గట్టి పొర అగర్. అగర్ ఎర్ర సముద్రపు నాచు కణాల గోడల్లోంచి తీసిన పదార్థం. బ్యాక్టీరియాను రసాయనంతో వర్గీకరించడానికి వాడుతున్న ఆ నాచును కూడా దాని గోడ రసాయనంతోనే వర్గీకరించవచ్చా అన్నది వర్గీకరణ శాస్త్రంలో అరవై ఏళ్లకు పైగా నలిగిన ప్రశ్న. దానికి వచ్చిన జవాబుల్ని తూచి, ఆ పద్ధతి ఎంతవరకు నమ్మదగ్గదో తేల్చడమే ఈ వ్యాసం పని.

అగర్ వంటింట్లోంచి ప్రయోగశాలకు వచ్చింది. జపాన్‌లో శతాబ్దాలుగా తింటున్న ఈ పదార్థాన్ని బ్యాక్టీరియా పెంచడానికి వాడమని 1881లో సూచించినది ఫానీ హెస్సే. అప్పటిదాకా వాడిన జిలాటిన్ వేడికి కరిగిపోయేది, కొన్ని బ్యాక్టీరియా దాన్ని తినేసేవి కూడా. అగర్ నలభై డిగ్రీల లోపు గడ్డకడుతుంది, మళ్లీ కరగాలంటే దాదాపు ఎనభై అయిదు డిగ్రీలు దాటాలి. మన వేసవిలో కూడా ప్లేటు చెక్కుచెదరదంటే కారణం ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నుంచి అగర్ రావడం ఆగిపోయినప్పుడు భారతదేశంతో సహా ఎన్నో దేశాలు తమ తీరాల్లోని ఎర్ర నాచుల్ని ఒక్కొక్కటిగా ఉడకబెట్టి చూశాయి. ఏ నాచు గట్టి జెల్లీ ఇస్తుంది, ఏది జిగురు మాత్రమే ఇస్తుంది అన్న ఈ వెతుకులాట కేవలం వ్యాపార అవసరం. కానీ దాని ఫలితాలు వర్గీకరణ శాస్త్రవేత్తల బల్ల మీదికి వచ్చేసరికి ఒక విచిత్రం కనిపించింది. పుస్తకాల్లో ఒకే కుటుంబంలో చేర్చిన నాచులు కొన్ని కుండలో పూర్తిగా వేర్వేరుగా ప్రవర్తించాయి.

ఎందుకలాగో తెలియాలంటే గోడ ఎలా కట్టి ఉందో చూడాలి. నేల మీది మొక్కల కణకవచంలో సెల్యులోజ్ పోగులదే పెత్తనం. ఎర్ర నాచులో సెల్యులోజ్ తక్కువ. పోగుల మధ్య నిండే మెత్తటి పదార్థమే ఎక్కువ. అలలు కొట్టినా విరగకుండా వంగడానికి, ఆటుకి నీరు తీసి ఎండలో పడ్డప్పుడు తడి నిలుపుకోవడానికి ఆ మెత్తదనమే ఆధారం. చాలా ఎర్ర నాచుల్లో ఈ పదార్థం గాలక్టోజ్ అనే చక్కెరతో అల్లిన పొడవాటి గొలుసు. దీన్ని రెండు రకాల పూసలు ఒకదాని తర్వాత ఒకటి గుచ్చిన దండ అనుకోవచ్చు. మొదటి పూస అన్ని దండల్లోనూ ఒకటే, డి-గాలక్టోజ్. రెండో పూస దగ్గరే దారి చీలుతుంది. అగర్‌లో అది ఎల్-గాలక్టోజ్, క్యారగీనన్‌లో డి-గాలక్టోజ్. ఎల్, డి రూపాలకి తేడా కుడి చేతికి ఎడమ చేతికి ఉన్నంతే. అవి అద్దంలో ఒకదానికొకటి ప్రతిబింబాలు. ఆ పూసల మీద సల్ఫేట్ ఎక్కడెక్కడ అతుక్కుంది, రెండో పూసలో నీటి అణువు పోయి లోపల వంతెన ఏర్పడిందా లేదా అన్నదాన్ని బట్టి కప్పా, అయోటా, లాంబ్డా వంటి ఉపరకాలు వచ్చాయి. కప్పా క్యారగీనన్ పొటాషియం ఉంటే గట్టిపడుతుంది, అయోటా కాల్షియంతో మెత్తగా గడ్డకడుతుంది, లాంబ్డా అసలు గడ్డకట్టదు. అగర్ ఒకే పదార్థం కాదని, అందులో అగరోజ్, అగరోపెక్టిన్ అని రెండు భాగాలున్నాయని 1937లో చూపించి, తర్వాత అగరోజ్ నిర్మాణాన్ని తేల్చినవాడు జపాన్ రసాయనవేత్త చోజి అరాకి. వర్గీకరణకు అక్కరకొచ్చే కొలబద్ద దొరికింది ఆ పని తర్వాతే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రెండో పూస డి నుంచి ఎల్‌కి మారడం అంటే అదే పూసను తిరగేసి గుచ్చడం కాదు. కణంలో డి-గాలక్టోజ్ గ్లూకోజ్ దారిలో తయారవుతుంది. ఎల్-గాలక్టోజ్ మానోజ్ అనే మరో చక్కెర దారిలో, మరో ఎంజైము చేతుల మీదుగా వస్తుంది. అంటే ఆ పూస వేరే దుకాణం నుంచి రావాలి. ఆ దుకాణం నడవడానికి వేరే జన్యువులు, ఆ పూసను గుచ్చడానికి వేరే ఎంజైములు కావాలి. అందుకే ఈ తేడా ఒక వానకో ఒక ఎండకో మారే పైపై లక్షణం కాదు. జీవి లోతుల్లో, వంశ చరిత్రలో పాతుకుపోయిన లక్షణం. గోడ రసాయనానికి వర్గీకరణలో స్థానం ఇవ్వాలన్న వాదానికి అసలు బలం ఇక్కడే ఉంది.

అంతకు ముందు ఎర్ర నాచుల్ని ఎలా విభజించారో చూస్తే ఈ రసాయనం ఎందుకు అవసరమైందో తెలుస్తుంది. బయటి రూపం నమ్మదగ్గది కాదని పందొమ్మిదో శతాబ్దంలోనే తెలిసింది. ఒకే జాతి అలల తాకిడి ఉన్నచోట పొట్టిగా గుబురుగా, నిలకడ నీటిలో పొడవుగా పలచగా పెరుగుతుంది. అందుకని 1880ల్లో జర్మనీకి చెందిన ఫ్రీడ్రిక్ ష్మిట్జ్, ఆయన తర్వాత స్వీడన్‌కి చెందిన హెరాల్డ్ కిలిన్, స్త్రీ ప్రత్యుత్పత్తి అవయవాల నిర్మాణాన్ని ఆధారం చేసుకున్నారు. ఫలదీకరణం తర్వాత కేంద్రకం ఏ సహాయక కణంలోకి వెళ్తుంది, ఆ కణం ఎప్పుడు ఎక్కడ పుడుతుంది అన్నవి వారి కొలతలు. కిలిన్ చనిపోయాక 1956లో అచ్చయిన ఆయన ఉద్గ్రంథం దశాబ్దాల పాటు ప్రమాణంగా నిలిచింది. అది గొప్ప పని. అయితే ఆ కొలతలు వాడాలంటే సరైన వయసులో ఉన్న ఆడ మొక్క దొరకాలి, సన్నటి పొరలుగా కోయాలి, మైక్రోస్కోపు కింద ఏ కణం ఏదో ఓపిగ్గా పోల్చుకోవాలి. ఎన్నో జాతులకి ఆ మొక్క దొరకలేదు. దొరికినప్పుడు కూడా చూసినవారి మధ్య ఏకాభిప్రాయం రాలేదు. ఫలితంగా గిగార్టినేలిస్ అనే క్రమం, ఎక్కడా ఇమడని సామానంతా పడేసే అటకలా తయారైంది.

ఆ అటక మీద ఏముందో చూడడానికి విశాఖపట్నం రాళ్లు చాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రవేత్తలు ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు 1964లో ఆ తీరపు నాచుల పర్యావరణంపైనా, 1970లో వాటి జాబితాపైనా ప్రచురించిన వ్యాసాలు తెలుగు తీరపు శైవల శాస్త్రానికి పునాదిరాళ్లు. ఆటుపోట్ల మధ్య ఆ రాళ్ల మీద గ్రాసిలేరియా కార్టికేటా, హిప్నియా మస్కిఫార్మిస్ రెండూ పెరుగుతాయి. రెండూ కొమ్మలు వేసే ఎర్రటి పీచుల్లాగే ఉంటాయి. కిలిన్ పద్ధతి ప్రకారం రెండూ గిగార్టినేలిస్ క్రమంలోనివే. గోడ చూస్తే గ్రాసిలేరియాలో ఉన్నది అగర్, హిప్నియాలో ఉన్నది కప్పా క్యారగీనన్. ఒకే క్రమంలో రెండు వేరు దుకాణాల పూసలెలా వచ్చాయన్న ప్రశ్న ఇక తప్పలేదు. నీటిలో కరిగే ఈ పదార్థాల గుణాలకి వర్గీకరణలో విలువ ఉందేమోనని 1957లోనే స్టొలాఫ్, సిల్వా ఒక ప్రయత్నం చేశారు. చివరికి 1989లో ఫ్రెడరిక్, హామర్‌శాండ్ గ్రాసిలేరియా ప్రత్యుత్పత్తి అవయవాల్ని కొత్తగా పరిశీలించి, దాన్ని గిగార్టినేలిస్ నుంచి విడదీసి గ్రాసిలేరియేలిస్ అనే కొత్త క్రమం ఏర్పాటు చేశారు. 1994 నుంచి వచ్చిన జన్యు క్రమాలు ఆ విడదీయడాన్ని సమర్థించాయి. తీర్పు ఇచ్చినది అవయవ నిర్మాణం. అయితే ఇక్కడేదో తేడా ఉంది, మళ్లీ చూడండని మొదట చెయ్యెత్తినది గోడ రసాయనం.

అన్‌ఫెల్షియా కథ ఇంకా స్పష్టం. ఉత్తర సముద్రాల్లో పెరిగే ఈ సన్నని తీగలాంటి నాచు నుంచి రష్యాలో చాలాకాలం అగర్ తీశారు. పుస్తకాల్లో మాత్రం అది క్యారగీనన్ చేసే ఫిల్లోఫోరేసి కుటుంబంలో ఉండేది. 1989లో మ్యాగ్స్, ప్యూషెల్ దాని జీవితచక్రాన్ని, కణాల మధ్య ఉండే గుంత బిరడాల సూక్ష్మ నిర్మాణాన్ని పరిశీలించి అన్‌ఫెల్షియేలిస్ అనే ప్రత్యేక క్రమాన్ని ప్రతిపాదించారు. అదే పేరుతో చలామణి అయిన మరికొన్ని జాతులు నిజంగానే క్యారగీనన్ చేసేవి. వాటిని 1992లో సిల్వా, డిక్యూ అన్‌ఫెల్షియాప్సిస్ అనే వేరే ప్రజాతికి మార్చి పాత కుటుంబంలోనే ఉంచారు. తర్వాతి జన్యు పరిశోధన అన్‌ఫెల్షియాను ఇంకా దూరం జరిపి, ఒక ఉపతరగతి స్థాయికి తీసుకెళ్లింది. ఒకే పేరు కింద కలిసిపోయిన రెండు వంశాల మధ్య గీత ఎక్కడ పడాలో అగర్, క్యారగీనన్ తేడా ముందే చూపించింది.

రసాయనం ప్రజాతి పేరులోకే ఎక్కిన సందర్భమూ ఉంది. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన మాక్స్‌వెల్ డోటీ 1988లో యూక్యూమా ప్రజాతిని విడదీస్తూ, కప్పా క్యారగీనన్ చేసే జాతులకి కప్పాఫైకస్ అని పేరు పెట్టాడు. అయోటా చేసేవి యూక్యూమాలోనే ఉండిపోయాయి. బీటా రకం చేసేవి తర్వాత బీటాఫైకస్ అయ్యాయి. జన్యు పరిశోధన ఈ మూడింటి మధ్య గీతల్ని మొత్తమ్మీద సమర్థించింది. మన దేశంలో గుజరాత్ తీరంలో మొదలై తమిళనాడు తీరంలో స్థిరపడిన సాగునాచు కప్పాఫైకస్ అల్వరేజీ ఈ కొమ్మదే. అయితే రసాయనం హద్దు ఎక్కడో చూపేదీ ఇదే కొమ్మ. కప్పాఫైకస్ అల్వరేజీ, కప్పాఫైకస్ స్ట్రయేటస్ రెండూ కప్పా రకాన్నే చేస్తాయి. వ్యాపారంలో రెండూ ‘కాటనీ’ అన్న ఒకే పేరుతో అమ్ముడవుతాయి. వాటిని వేరు చేయడం గోడ వల్ల కాలేదు. మైటోకాండ్రియా, ప్లాస్టిడ్ జన్యువులు చూడాల్సి వచ్చింది. ప్రజాతుల మధ్య గీత గీయగలిగిన పద్ధతి జాతుల దగ్గరికొచ్చేసరికి మూగబోయింది.

ఈ ఉదాహరణలన్నీ ఒకచోట పెడితే ఒక తీరు కనిపిస్తుంది. గోడ రసాయనం చేసే పని మన సమాజంలో గోత్రం చేసే పనిలాంటిది. ఇద్దరి గోత్రాలు కలవకపోతే వాళ్లు దాయాదులు కారని చెప్పవచ్చు. కలిసినంత మాత్రాన దాయాదులని చెప్పలేం. ఏ తరంలో చీలారో, ఇంటిపేర్లు ఎప్పుడు మారాయో గోత్రం చెప్పదు. అగర్ రకం దండ గ్రాసిలేరియాలో ఉంది, జెలీడియంలో ఉంది, అన్‌ఫెల్షియాలో ఉంది. సున్నపు గోడలు కట్టుకునే కొరాలినా వర్గంలోనూ కొమ్మలకి మరో చక్కెర తగిలించుకుని అదే వెన్నెముక ఉంది. ఇవన్నీ ఒకదానికొకటి దగ్గరి బంధువులు కావు. విశాఖ రాళ్ల మీద ఒకప్పుడు పోర్ఫైరా వియత్నామెన్సిస్‌గా నమోదైన ఆకులాంటి నాచు ఎర్ర నాచుల వంశవృక్షంలో చాలా ముందే చీలిన కొమ్మకి చెందింది. దాని గోడలోని పోర్ఫైరన్‌లోనూ ఎల్-గాలక్టోజ్ ఉంది. కాబట్టి అగర్ రకం దండ పాత ఆస్తి అని, అనేక కొమ్మలు దాన్ని అలాగే నిలుపుకున్నాయని అనుకోవడానికి ఆధారముంది. పాత ఆస్తి నిలుపుకున్నవాళ్లంతా అన్నదమ్ములు కారు. క్యారగీనన్ మాత్రం ఆ తర్వాత వచ్చిన మార్పు. అది పంచుకున్నవాళ్ల మధ్య చుట్టరికం ఉండే అవకాశం ఎక్కువ. గోత్రం మారే సందర్భం ఒకటుంది, దత్తత. అలాగే వంశంలో ఒక కొమ్మ పాత పూసను వదిలి కొత్తదాన్ని పట్టుకోవచ్చు. అందుకే గోడలు వేరైనప్పుడు కూడా మాట సాక్ష్యం దగ్గరే ఆగాలి, తీర్పు దాకా పోకూడదు.

అగర్, క్యారగీనన్ రెండే గోత్రాలనుకోవడం కూడా పొరపాటే. పోర్ఫైరా జాతి ఆకు దశలో గోడ పోగులు సెల్యులోజ్‌తో కాక జైలాన్ అనే మరో చక్కెర గొలుసుతో అల్లి ఉంటాయి. అదే నాచు చిప్పల్లో దాక్కుని పెరిగే సన్నని దారాల దశలో మళ్లీ సెల్యులోజ్ కనిపిస్తుంది. నెమాలియేలిస్ క్రమంలో కొన్ని నాచులు గాలక్టోజ్ దండలకు బదులు సల్ఫేట్ అతికిన మానాన్‌లు, జైలోమానాన్‌లు చేస్తాయి. మన విశాఖ పేరు పెట్టుకున్న లయగోరా విశాఖపట్నమెన్సిస్ ఈ క్రమంలోనిదే. దానికి ఆ పేరు పెట్టింది ఉమామహేశ్వరరావే. పామేరియా వంటి ఉత్తరాది నాచుల గోడల్లో జైలాన్‌దే పెత్తనం. అంటే ఎర్ర నాచు అనగానే జెల్లీ గుర్తుకు రావడం మన వ్యాపారం చేసిన అలవాటు. ప్రకృతిలో ఆ గోడలు కట్టే తీర్లు అంతకంటే చాలా ఎక్కువ. ఈ అరుదైన రకాలే వర్గీకరణకు ఎక్కువ పనికొస్తాయి, ఎందుకంటే అందరికీ ఉన్నదాని కంటే కొందరికే ఉన్నది ఎక్కువ చెబుతుంది.

గోదావరి డెల్టా దగ్గరికి వస్తే, పేరుపాలెం నుంచి అంతర్వేది దాకా తీరమంతా ఇసుకా ఒండ్రూ. రాయి లేదు కనుక విశాఖలా నాచు పట్టుకోవడానికి చోటు లేదు. కానీ కోరంగి మడ అడవుల్లో బురదలోంచి పైకి లేచే శ్వాస వేర్లు రాళ్ల పని చేస్తాయి. గౌతమి గోదావరి ముఖద్వారంలో ఈ వేర్ల మీద పెరిగే ఎర్ర నాచుల్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు అధ్యయనం చేశారు. ప్రపంచంలో ఎక్కడి మడ అడవిలోనైనా ఈ చోట కనిపించే నాచు ప్రజాతులు ముఖ్యంగా కాటెనెల్లా, బోస్ట్రీకియా, కాలోగ్లోసా. ఒండ్రు పట్టి, ముదురు ఊదా రంగులో, ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. మామూలు కంటికి అంతా ఒకటే మురికి పాకుడు. వాటి గోడలు మాత్రం వేరు. థాయిలాండ్, బర్మా తీరాల్లోని కాటెనెల్లా నీపేలో అయోటా, ఆల్ఫా క్యారగీనన్‌లు ఉన్నాయని విశ్లేషణలో తేలింది. బ్రెజిల్‌లో పరిశీలించిన బోస్ట్రీకియా మోంటాగ్నీలో సల్ఫేట్ ఉన్న అగర్ రకం దండలు కనిపించాయి. కాటెనెల్లా గిగార్టినేలిస్ క్రమంలోనిది, బోస్ట్రీకియా సిరామియేలిస్ క్రమంలోనిది. ఒకే వేరు మీద, ఒకే ఉప్పునీటిలో, ఒకే ఎండలో పక్కపక్కన బతుకుతూ రెండూ తమ తమ వంశపు గోడలే కట్టుకుంటున్నాయి. ఒకే చోట ఉన్నంత మాత్రాన గోడ ఒకటైపోదనడానికి, గోడ పర్యావరణం చేతిలో బొమ్మ కాదనడానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల అక్కర్లేదు.

ఈ పద్ధతి మీద వచ్చిన అభ్యంతరాల్లో మొదటిది ఈ పర్యావరణం గురించే. ఒకే నాచులో జెల్లీ గట్టితనం రుతువుతో మారుతుంది, వయసుతో మారుతుంది, నీటిలో పోషకాలతో మారుతుంది. పైగా తీసే పద్ధతి కూడా ఫలితాన్ని మారుస్తుంది. గ్రాసిలేరియాను ఉడికించే ముందు క్షారంలో నానబెడితే కొన్ని సల్ఫేట్‌లు రాలిపోయి లోపలి వంతెనలు ఏర్పడతాయి, జెల్లీ గట్టిపడుతుంది. ఇలాంటి పదార్థాన్ని ఎలా నమ్మడం? ఈ అభ్యంతరం నిజమే, కానీ అది కొట్టేది జెల్లీ గట్టితనాన్ని, సల్ఫేట్ శాతాన్ని, దిగుబడిని. రెండో పూస ఎల్ రకమా డి రకమా అన్నదాన్ని కొట్టదు. క్షారం ఎల్‌ని డిగా మార్చదు. తొలి రోజుల పరిశోధకులు పైపై గుణాల్ని కొలిచి నిర్ణయాలు చెప్పినందువల్లే ఈ పద్ధతికి చెడ్డపేరు వచ్చింది. పరారుణ వర్ణపటం సల్ఫేట్ ఏ స్థానంలో ఉందో సూచిస్తుంది. కార్బన్-13 ఎన్ఎంఆర్ దండ వెన్నెముకను దాదాపు చదివి చెబుతుంది. క్షారం తగలకముందు, తగిలాక రెండుసార్లూ చూస్తే పదార్థంలో అసలు ఏముందో, మనం చేసిందేమిటో విడివిడిగా తెలుస్తుంది.

రెండో అభ్యంతరం తరాల గురించి. ఐరిష్ మాస్ అని పేరుపడ్డ కాండ్రస్ క్రిస్పస్‌లో సంయోగబీజాలు చేసే తరం (సంయోగబీజదం) కప్పా రకం క్యారగీనన్ చేస్తుందని, సిద్ధబీజాలు చేసే తరం (సిద్ధబీజదం) లాంబ్డా రకం చేస్తుందని 1973లో కెనడా పరిశోధకులు చూపించారు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. తల్లికీ బిడ్డకీ గోడ ఒకటి కానప్పుడు గోడను పట్టి వంశమెలా చెబుతారని అడిగారు. జవాబు ఆ పరిశోధనలోంచే వచ్చింది. తరాన్ని బట్టి మారడమనే గుణం గిగార్టినేసి, ఫిల్లోఫోరేసి కుటుంబాల్లో కనిపిస్తుంది. హిప్నియా, యూక్యూమా, కప్పాఫైకస్‌లలో రెండు తరాలూ ఒకే రకం చేస్తాయి. అంటే మారడం మారకపోవడం కూడా ఒక కుటుంబ లక్షణమే. ఇందులోంచి నేర్చుకోవాల్సిన క్రమశిక్షణ ఒకటే. ఏ తరం మొక్కను విశ్లేషించారో రాయకపోతే ఆ రసాయన ఫలితానికి వర్గీకరణలో విలువ లేదు. ఒక గంప నాచును కలిపి ఉడికించి వచ్చిన సగటు అంకె ఫ్యాక్టరీకి పనికొస్తుంది గానీ శాస్త్రానికి పనికిరాదు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే గట్టిది. కొన్ని నాచుల్లో ఎల్, డి రెండు రకాల పూసలూ ఉన్నాయి. క్యారగీనన్ చేస్తుందనుకున్న నాచుల్లో కొద్దిపాటి ఎల్-గాలక్టోజ్, అగర్ రకంలో డి భాగాలు దొరికాయి. కొన్ని ప్రజాతుల్లో రెండూ కలిసిన దండలే ఎక్కువ. అర్జెంటీనాలో సెరెసో బృందం ఈ మిశ్రమాల మీద చాలా కాలం పనిచేసింది. ఇది ఒప్పుకోవాల్సిన సత్యం. అగర్ ఒక పెట్టె, క్యారగీనన్ ఒక పెట్టె అని రెండు మూతలు పెట్టే వర్గీకరణ దీనితో కూలిపోతుంది. అయితే కూలింది పెట్టెలు. కొలత నిలిచే ఉంది. ఏ పూస ఎంత నిష్పత్తిలో, ఏ వరుసలో, ఏ సల్ఫేట్‌తో ఉందని రాయగలిగితే మిశ్రమాలు కూడా సమాచారమే అవుతాయి. 1994లో నట్సెన్, ఉసోవ్ తదితరులు ప్రతిపాదించిన అక్షరాల పద్ధతి ఈ అవసరానికే పుట్టింది. పాత గ్రీకు పేర్లకు బదులు ప్రతి పూసకూ ఒక గుర్తు ఇస్తే, పెట్టెలో పట్టని దండను కూడా ఉన్నదున్నట్టు రాయవచ్చు.

నాలుగో అభ్యంతరం ఈ కాలపుది. జన్యు క్రమం చౌకగా దొరుకుతుంటే ఇంకా గోడల్ని ఉడికించడం ఎందుకు? బంధుత్వం తేల్చడానికే అయితే ఈ మాట సరైనదే. 1990ల తర్వాత ఎర్ర నాచుల వంశవృక్షాన్ని తిరగరాసినవి ప్రధానంగా జన్యువులే. రసాయనం చెప్పిన చాలా సందేహాల్ని అవి ధ్రువీకరించాయి, చెప్పలేకపోయిన ఎన్నింటినో తేల్చాయి. కానీ బంధుత్వం తెలిస్తే లక్షణం తెలిసినట్టు కాదు. రెండు జాతులు పక్క కొమ్మల మీద ఉన్నాయని జన్యువు చెబుతుంది. వాటిలో ఏది ప్లేటు మీద గట్టిపడే అగర్ ఇస్తుందో, ఏది నీరుకారుతుందో చెప్పడానికి గోడను చూడాల్సిందే. పైగా ఒక లక్షణం ఎప్పుడు పుట్టింది, ఎన్నిసార్లు మారింది అన్న ప్రశ్నకు జన్యువుల చెట్టు కొమ్మలిస్తుంది, ఆ కొమ్మల మీద వేలాడదీయాల్సిన పండ్లు రసాయన ఫలితాలే. 2013లో కాండ్రస్ జన్యువుల మొత్తం క్రమం ప్రచురితమైంది. దానిలో సల్ఫేట్ అతికించే ఎంజైముల జన్యువుల్ని గుర్తించగలిగారంటే కారణం ఆ గోడలో ఏముందో ముందే తెలిసి ఉండడమే.

ఇదంతా భీమవరానికి ఎందుకంటే, పేరు తప్పితే సాగు తప్పుతుంది కాబట్టి. గ్రాసిలేరియా జాతుల్లో కొన్ని ఉప్పు తగ్గిన నీటినీ ఓర్చుకుంటాయి, నీటిలోని నత్రజనిని పీల్చుకుంటాయి. రొయ్యల చెరువుల వ్యర్థజలాన్ని శుభ్రపరచడానికి వీటిని వాడే ఆలోచన ఎన్నో దేశాల్లో అమలైంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన నాచు సాగుకు 640 కోట్ల రూపాయలు కేటాయించినప్పటి నుంచి తూర్పు తీరంలోనూ ఆసక్తి పెరిగింది. ఇక్కడే ఒక పాత పేరు అడ్డొస్తుంది. చిలికా సరస్సుతో సహా మన దేశంలో గ్రాసిలేరియా వెర్రుకోసా అని దశాబ్దాలుగా రాసిన నాచు పేరు, యూరప్‌లోని మూల నమూనాల్ని 1995లో పునఃపరిశీలించాక నిలవలేదు. బ్రిటిష్ తీరంలో ఆ ఒక్క పేరు కింద గ్రాసిలేరియా గ్రాసిలిస్, గ్రాసిలేరియాప్సిస్ లాంగిసిమా అనే రెండు వేరు ప్రజాతుల నాచులు కలిసిపోయి ఉన్నాయి. రెండిటిలోనూ ఉన్నది అగరే. గోత్రం ఒకటే కనుక గోడ ఇక్కడ తగవు తీర్చదు. మన తీరపు నమూనా ఏ జాతిదో తేలాలంటే ఫలాశయాన్ని కోసి చూడాలి, జన్యువు చదవాలి. అది తేలకుండా పాత వ్యాసంలోని దిగుబడి లెక్కను నమ్మి తాడుకి మొలకలు కట్టడం, ల్యాబ్ రిపోర్టులో పేరు చూడకుండా మందు చల్లడం లాంటిది.

టీసీబీఎస్ ప్లేటు దగ్గరికే మళ్లీ వస్తే, ఎల్లో, గ్రీన్ అన్న విభజనకి కూడా ఇదే బలం, ఇదే బలహీనత. రొయ్యకు ప్రాణాంతకమైన విబ్రియో పారాహీమోలిటికస్ పచ్చ కాలనీ ఇస్తుంది. కానీ ఆ జాతిలో విషం చేసే రకాలు కొన్నే. విబ్రియో హార్వేయీ ఒక్కోసారి పసుపు, ఒక్కోసారి పచ్చ. రంగు తొందరగా హెచ్చరిస్తుంది, పేరు మాత్రం చెప్పదు. ఇది తెలిసిన ల్యాబు ప్లేటు చూసి ఆగదు, పీసీఆర్ కూడా చేస్తుంది. అలాగని ప్లేటును పారేయదు. ఎర్ర నాచుల గోడ రసాయనానికి కూడా ఇదే స్థానం దక్కాలి. క్రమాల, కుటుంబాల స్థాయిలో తప్పు చేర్పుల్ని పట్టివ్వడంలో అది నమ్మదగ్గ సాక్షి. దగ్గరి జాతుల్ని వేరు చేయడంలో, ఒకే గోడ ఉన్నవాటిని బంధువులుగా కలపడంలో పనికిరాని సాక్షి. కోరంగి శ్వాస వేర్ల మీది నాచులకీ, విశాఖ రాళ్ల మీది నాచులకీ ఇక ముందు చేసే ప్రతి నమోదులోనూ నాలుగు సంగతులు కలిసి ఉండాలి: ఎండబెట్టి భద్రపరిచిన నమూనా, అది ఏ తరం మొక్కో, దాని జన్యు క్రమం, దాని గోడ దండ వివరం. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలిన మూడింటిని తర్వాతి తరం మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.